ఉప్పు కొండెక్కింది, బీపీ బిళ్ల మాత్రం కిందే ఆగిపోయింది

పోస్టు పెద్దదే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. మన ఇళ్లలో అమ్మానాన్నల ప్రాణాలకు సంబంధించిన సంగతి ఇది.

మొన్న ఎండాకాలంలో మాలో ఒకరి అమ్మ సంతకు నడిచి వెళ్తూ దారిలో కూలబడిపోయింది. వయసు 46. నెత్తి మీద చింతపండు బుట్ట. మూతి ఒక పక్కకు వంగిపోయింది, కుడి చెయ్యి లేవలేదు, మాట ముద్దముద్దగా వచ్చింది. ఊళ్లోవాళ్లు గాలి సోకిందన్నారు. పసరు పోశారు, తాయెత్తు కట్టారు, పొద్దు వాలేదాకా చూశారు. అప్పుడు డోలీ కట్టి ఏడు కిలోమీటర్లు మోసుకుని రోడ్డు మీదకు తెచ్చారు. అక్కణ్ణుంచి ఆటో, ఆటో నుంచి అంబులెన్సు. పెద్దాసుపత్రికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. బీపీ చూస్తే 210/120. పక్షవాతం అన్నారు.

తర్వాత విచారిస్తే తెలిసిన విషయం ఏంటంటే, ఆమెకు బీపీ ఉందని రెండేళ్ల క్రితమే తేలింది. సంతలో క్యాంపు పెట్టినప్పుడు చూశారు. 160/100 ఉందని చీటీ మీద రాసి పది బిళ్లలు ఇచ్చారు. పది రోజులు వేసుకుంది. అయిపోయాయి. తలనొప్పి లేదు, కళ్లు తిరగలేదు, ఎప్పట్లాగే పనికెళ్లింది. తగ్గిపోయిందనుకుంది. మళ్లీ ఎవరూ రాలేదు, ఈమే వెళ్లలేదు.

డిశ్చార్జి రోజున ఒక కాగితం చేతిలో పెట్టారు. పైన ఒక బొమ్మ. ట్రాక్ ప్యాంటు, బూట్లు వేసుకున్నాయన పార్కులో పరుగెడుతున్నాడు. కింద నాలుగు ముక్కలు: ఉప్పు తగ్గించండి, రోజూ అరగంట వాకింగ్ చేయండి, బరువు తగ్గండి, టెన్షన్ పడకండి. కాగితం ఇచ్చినామె చదివి కూడా వినిపించింది, పాపం మంచిగానే. అమ్మ మంచం మీద పడుకుని వింటోంది. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో రోజూ నీళ్లకీ, కట్టెలకీ, పోడుకీ, సంతకీ కొండెక్కి దిగిన మనిషి. బరువు 42 కిలోలు. ఆమెకు వాకింగ్ చెయ్యమని, బరువు తగ్గమని!

ఆ కాగితంలో రాసినవి తప్పులని మేం అనట్లేదు. ఒక్కొక్కటీ శాస్త్రం ఒప్పుకున్నదే. కానీ అది పట్నంలో అపార్ట్‌మెంట్లో ఉండే మనిషి కోసం రాసిన కాగితం. దాన్నే కొండ మీదకు పంపించి, "చెప్పాం, వాళ్లే వినలేదు" అని చేతులు దులుపుకుంటే మేం ఊరుకోం. అలాగని మనమేదో కడిగిన ముత్యాలమని చెప్పడానికీ ఈ పోస్టు రాయట్లేదు. రెండు వైపులా మాట్లాడదాం.

"మాకేటి బీపీ బాబూ"

ముందు మనలో ఉన్న మాట. "మాకేటి బీపీ బాబూ, కొండెక్కి దిగే మనుషులం. బీపీ సుగరూ పట్నపోళ్ల జబ్బులు." ఇది మన తాతలూ అంటారు, మన గ్రూపుల్లో చదువుకున్నవాళ్లూ అంటారు. కొంతమంది డాక్టర్లు కూడా మనసులో ఇదే పెట్టుకుని మన చేతికి బీపీ పట్టీ చుట్టకుండానే జ్వరం బిళ్లలిచ్చి పంపేస్తారు.

2018లో డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన గిరిజన ఆరోగ్యం మీద కేంద్రం వేసిన నిపుణుల కమిటీ నివేదిక వచ్చింది. గిరిజన ప్రాంతాల్లో పెద్దవాళ్లలో ప్రతి నలుగురిలో ఒకరికి బీపీ ఉందని అందులో రాశారు. తమకు ఉందని తెలిసినవాళ్లు మాత్రం అతి కొద్దిమంది. నలుగురిలో ఒకరంటే మన ఊళ్లో, మన వీధిలో, మన ఇంట్లోనే ఉన్నట్టు లెక్క.

మరి తాతలు చెప్పింది పూర్తిగా అబద్ధమా? కాదు. ఒకప్పుడు నిజం అయ్యే అవకాశం చాలా ఉంది. 1988లో ఇంటర్‌సాల్ట్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. 32 దేశాల్లో 52 చోట్ల పదివేల మందికి పైగా మనుషుల బీపీ, మూత్రంలో ఉప్పు కొలిచారు. అందులో బ్రెజిల్ అడవుల్లో ఉండే యానోమామి ఆదివాసులు కూడా ఉన్నారు. వాళ్ల తిండిలో బయటి ఉప్పు దాదాపు లేదు. వాళ్ల సగటు పై బీపీ వంద లోపే. ఇంకో సంగతి, వయసు పెరిగినా వాళ్లకు బీపీ పెరగలేదు. మనం "వయసైపోయింది కదా, బీపీ రాదేటి" అంటాం చూడండి, అక్కడ ఆ మాటే చెల్లదు.

ఇంకొకటి కెన్యాది. అక్కడ లువో అనే తెగవాళ్లు పల్లెల నుంచి బతుకుదెరువు కోసం నైరోబీ నగరానికి వెళ్లినప్పుడు పరిశోధకులు వాళ్లను వెంబడించి బీపీ కొలిచారు. నగరానికి వచ్చిన మొదటి నెలల్లోనే బీపీ పెరగడం మొదలైంది. మనుషులు అవే, రక్తం అదే. తిండి, బతుకు మారాయి. తిండిలో ఉప్పు పెరిగింది.

అందుకే మేం చెప్పేది ఇదీ: బీపీ మన రక్తంలో ఉన్నది కాదు, మన దగ్గరికి తెచ్చిపెట్టినది. తెచ్చిపెట్టిన దాన్ని అలవాటు అంటున్నారు. ఆ అలవాటు నీ సొంతం, నువ్వే మార్చుకో అంటున్నారు. అసలు ఎవరు అలవాటు చేశారో అడగకుండా అలవాటు మార్చడం కుదరదు.

ఉప్పు ఎలా కొండెక్కింది

మన ముత్తాతల కాలంలో ఉప్పు అంటే బంగారం. సముద్రం ఒడ్డు నుంచి ఎద్దుల మీద వచ్చేది. కరక్కాయలో, చింతపండో, తేనో మోసుకెళ్లి గుప్పెడు ఉప్పు తెచ్చుకునేవాళ్లు. సాహుకారి ఆ గుప్పెడు ఉప్పుతోనే మనల్ని ముంచాడని ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. మనవాళ్లు ఉప్పు కోసం కొండ దిగేవాళ్లు. ఇప్పుడు ఉప్పే కొండెక్కి వచ్చింది, వంద వేషాల్లో.

ఒకసారి మన ఇంట్లో చూడండి. చోడంబలి తాగే ఇంట్లో డిపో బియ్యం వచ్చింది. బియ్యం వల్ల ఆకలి చావులు తగ్గాయి, అది కాదనం. కానీ పోడు తగ్గి, సామలు, కొర్రలు, చోళ్లు, కందులు, బొబ్బర్లు, చిక్కుళ్లు అన్నీ కలిపి పండే చేను పోయాక ఆ తెల్లన్నంలోకి కలుపుకోడానికి ఏముంది? ఊరగాయ. ఎండు చేప. సంతలో కొన్న అప్పడం. పప్పు దినుసుల్లో, దుంపల్లో, ఆకుకూరల్లో, పళ్లలో పొటాషియం అనే ఖనిజం ఉంటుంది. ఉప్పులోని సోడియం బీపీని పెంచితే, ఇది తగ్గించడానికి సాయం చేస్తుంది. మన పళ్లెంలోంచి తగ్గించేది వెళ్లిపోయింది, పెంచేది వచ్చి కూర్చుంది.

సంతకెళ్లండి. మైదానం నుంచి వచ్చే ఎండు చేపల గుట్టలు. నెత్తళ్లు, ఉప్పు చేపలు. మనకు చవకగా దొరికే మాంసకృత్తులు అవే, కాబట్టి తినొద్దని మేం చెప్పం. కానీ ఆ చేప కుళ్లకుండా ఉండడానికి ఎంత ఉప్పు పట్టించారో చూస్తే తెలుస్తుంది. పక్కన దండలు దండలుగా ఐదు రూపాయల ప్యాకెట్లు. కరెంటు సరిగ్గా లేని ఊళ్లో, అంగన్‌వాడీ గుడ్డు వారానికోసారి కూడా చేరని ఊళ్లో, ఆ ప్యాకెట్ మాత్రం చేరుతుంది. చంటిపిల్లాడు ఏడిస్తే చేతిలో పెట్టేది అదే.

ఇక మన హాస్టల్. మేమంతా మూడో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో పెరిగినవాళ్లమే. పదేళ్లు. నీళ్ల సాంబారు, ముద్దన్నం, దాంట్లోకి ఊరగాయ. సాంబారు చప్పగా ఉందని మధ్యలో ఉప్పు డబ్బా పెట్టేవాళ్లు. మేం గరిటెతో వేసుకునేవాళ్లం. కూర బాగా లేదని అడిగితే "పచ్చడేసుకో" అనేవాళ్లు. పదేళ్ల పాటు రోజుకు మూడు పూటలు ఆ రుచి నేర్పించారు. ఇప్పుడు అమ్మ చేతి కూర మాకు చప్పగా ఉంటుంది. సెలవులకు ఇంటికెళ్లి "ఉప్పెయ్యవేటమ్మా" అని అమ్మ చేత ఉప్పు ఎక్కువ వేయించింది మేమే. ఈ మాట రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

నాలుక మీద రుచి ఎవరి సొంత ఇష్టమూ కాదు. ఎవరు వండి పెడితే వాళ్లు నేర్పిన రుచి. మాకు వండి పెట్టింది ప్రభుత్వం. కాబట్టి "గిరిజనులు ఉప్పు ఎక్కువ తింటారు, అవగాహన లేదు" అని మీటింగుల్లో మాట్లాడేవాళ్లు ముందు హాస్టల్ మెనూ చూసి మాట్లాడాలి.

ఆ కాగితాన్ని మనం తిరగరాద్దాం

తిట్టి ఊరుకుంటే అమ్మ చెయ్యి లేవదు. ఆ నాలుగు ముక్కల్నే మన బతుక్కి తగ్గట్టు రాసుకుందాం.

1. ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు. ఒక చిన్న టీ చెంచాడు. అన్ని కూరల్లో, పచ్చళ్లలో, ప్యాకెట్లలో ఉన్నదంతా కలిపి. మన అమ్మలు చెంచాతో కొలవరు, చేత్తో వేస్తారు. అందుకని మేమొక లెక్క పెట్టుకున్నాం. ఇంట్లో ఐదుగురుంటే రోజుకు 25 గ్రాములు. అంటే కిలో ఉప్పు ప్యాకెట్ 40 రోజులు రావాలి. కొత్త ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ వేయండి. అయిపోయిన రోజు లెక్కపెట్టండి. 20 రోజులకే అయిపోతే మీ ఇంట్లో రెట్టింపు తింటున్నట్టు. ఎండు చేపలు, ఊరగాయల్లోది ఇంకా అదనం. దీనికి డాక్టరు అక్కర్లేదు, మిషన్ అక్కర్లేదు.

ఒక్కసారే మానేస్తే ముద్ద దిగదు. వారం వారం కొంచెం కొంచెం తగ్గించండి. కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. పులుపు, మిరియం, వెల్లుల్లి, అల్లం వేస్తే ఉప్పు లోటు తెలియదు. మిరియాలు పండించేది మనమే కదా, అమ్మేసే ముందు ఇంటికి గుప్పెడు ఉంచుకోండి. ఎండు చేపలు వేడి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కడిగి వండండి. ప్యాకెట్ మీద సోడియం అని రాసి ఉంటుంది, దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు.

ఇంకో జాగ్రత్త. ఉప్పు తగ్గించమన్నారని అయోడిన్ లేని ఉప్పు కొనకండి. కొండ ప్రాంతాల్లో గొంతు వాపు ఎందుకు వచ్చేదో మన పెద్దలకు తెలుసు. అయోడిన్ ఉప్పే, కానీ తక్కువ.

"చెమటోడ్చే మనిషికి ఉప్పు కావాలి కదా" అని అడుగుతారు. మా ఇళ్లలోనూ అడిగారు. వేడికి అలవాటు పడిన శరీరం చెమటలో ఉప్పు పోకుండా తనే ఆపుకుంటుంది. యానోమామి వాళ్లు కూడా వేడి అడవుల్లో వేటాడేవాళ్లే, ఒళ్లు వంచి పని చేసేవాళ్లే. వాంతులు, విరేచనాలు అయినప్పుడు ఓఆర్ఎస్ తాగాల్సిందే, అది వేరే సంగతి.

2. నడక. ఈ ముక్క అమ్మకి కాదు, మనకి. అమ్మ నడుస్తూనే ఉంది. ఊళ్లోకి రోడ్డు పడ్డాక కిరాణా కొట్టుకి కూడా బండి తీసేది మనం. పట్నంలో కోచింగ్ పేరుతో పొద్దున్నుంచి రాత్రి దాకా కుర్చీలో, ఆ తర్వాత ఒంటి గంట దాకా ఫోన్లో ఉండేది మనం. కర్రీ పాయింట్ కూర, రాత్రి నూడుల్స్ మనం. బరువు తగ్గమన్న మాట కూడా మనలో చాలామందికే. కిలో తగ్గితే పై బీపీ దాదాపు ఒక పాయింటు తగ్గుతుందని లెక్క. కెన్యాలో లువో కుర్రాళ్లకు నగరంలో ఏమైందో హైదరాబాద్‌లో, విశాఖలో మనకూ అదే అవుతుంది. వారంలో ఐదు రోజులు అరగంట గట్టిగా నడవండి. ఇరవై రెండేళ్లకే బీపీ వచ్చిన వాళ్లు మాలోనే ఇద్దరున్నారు.

3. పొగ, మందు. ఇక్కడ చాలామందికి కోపం వస్తుంది. మన అమ్మమ్మలు నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ, మన నాన్నల చుట్ట, మన చైనీ ప్యాకెట్లు, ఇవేవీ సంస్కృతి కాదు. పొగాకు వేసుకున్న ప్రతిసారీ బీపీ కాసేపు పెరుగుతుంది, రక్తనాళాలు పాడవుతాయి, పక్షవాతం, గుండెపోటు దగ్గరికొస్తాయి. మందు సంగతి ఇంకా కష్టం. జీలుగు కల్లు, ఇప్పసారా మన పండగల్లో, మన దేవుళ్ల దగ్గర ఉన్నవే. వాటిని చూపించి మనల్ని తాగుబోతులని రాసేవాళ్లకు మా సమాధానం వేరే ఉంది. కానీ పండగకి పెద్దలకు ధార పోసి తాగేది వేరు, బెల్టు షాపులో క్వార్టరు రోజూ కొట్టేది వేరు. రోజూ తాగితే బీపీ పెరుగుతుంది. బిళ్ల వేసుకున్నా సరిగ్గా పని చెయ్యదు. బెల్టు షాపు కొండ మీదకు ఎవరు పంపారని ప్రభుత్వాన్ని అడుగుదాం. రోజూ ఎందుకు తాగుతున్నావని నాన్ననూ అడుగుదాం. రెండోది అడగడానికే ఎక్కువ ధైర్యం కావాలని మాకూ తెలుసు.

4. టెన్షన్. "టెన్షన్ పడకు" అని చెప్పడం సులువు. పట్టా రాని పోడు, ఆగిపోయిన స్కాలర్‌షిప్, ఎప్పుడు ఏ ప్రాజెక్టు కింద ఊరు మునుగుతుందో తెలియని బతుకు. వీటికి ప్రాణాయామం మందు కాదు. ఇవి తీరేది పోరాటంతోనే. కాకపోతే రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర, ఫోన్ పక్కన పెట్టడం, నలుగురితో కూర్చుని మాట్లాడుకోవడం, సాయంత్రం థింసా ఆడడం, ఇవి మన చేతుల్లో ఉన్నవి. వీటిని వదులుకోవద్దు.

5. ఆ కాగితంలో అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో ఉన్నది: బిళ్ల. మేం దీన్ని పెద్ద అక్షరాల్లో రాస్తున్నాం. బీపీ బిళ్ల జ్వరం బిళ్ల కాదు. నొప్పి తగ్గాక ఆపేది కాదు. బీపీకి నొప్పే ఉండదు. బిళ్ల వేసుకుంటున్నంత కాలం అదుపులో ఉంటుంది, ఆపేస్తే చాలామందికి మళ్లీ పెరుగుతుంది. పై బీపీ 10 పాయింట్లు తగ్గితే పక్షవాతం ముప్పు సుమారు పావు వంతు తగ్గుతుంది. ఉప్పు తగ్గించి, పొగ మానేసి, బీపీ బాగా దిగితే మోతాదు తగ్గించాలో వద్దో డాక్టరు చెప్పాలి. మనం కాదు, పక్కింటాయన కాదు, యూట్యూబ్ కాదు.

మనలోని "ప్రకృతి వైద్యం" అన్నలకు

ఈ మధ్య మన గ్రూపుల్లో కొత్త మాట తిరుగుతోంది. "మన పూర్వీకుల తిండికి తిరిగి వెళ్తే బీపీ మాయం. ఇంగ్లీషు బిళ్లలు కంపెనీల కుట్ర." దీని కింద వందల్లో లైకులు, "జై ఆదివాసీ" కామెంట్లు. అన్నా, చోళ్ల మీద, సామల మీద ప్రేమ మాకూ ఉంది. 2023ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అంది. దిల్లీలో వాటికి శ్రీఅన్న అని పేరు పెట్టారు. పట్నం మాల్స్‌లో అందమైన ప్యాకెట్లలో అమ్ముతున్నారు. మన దగ్గర తక్కువకి కొని, వాళ్లకి ఎక్కువకి అమ్మి, మనకి మాత్రం తెల్ల బియ్యం, ఊరగాయ. దీని మీద కోపం న్యాయమే.

కానీ 180 బీపీ ఉన్న అమ్మకు బిళ్ల మాన్పించి చోడంబలి ఒక్కటే తాగమంటే అది ఆత్మగౌరవం కాదు, ఆమె ప్రాణంతో ఆట. మన ఆకులు, వేళ్లు తెలిసిన పెద్దల మీద మాకు గౌరవం ఉంది. పసరు మందు తీసుకుంటే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి, బిళ్ల మాత్రం ఆపకండి. ఆ రోజు దారిలో గాలి సోకిందని గంటలు పోగొట్టింది మనమే. రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు చేరితేనే అది ఇవ్వడానికి వీలుంటుంది. డోలీ దారులున్న మనకు ఒక్క గంట కూడా పోకూడదు. మూతి వంకర, చెయ్యి లేవకపోవడం, మాట తడబడడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేసి, అదే నిమిషంలో డోలీ కట్టండి.

మేం ఏం అడుగుతున్నాం, ఏం చేస్తాం

"అన్నిటికీ ప్రభుత్వాన్ని అంటారేంటి, నోట్లో ఉప్పు ప్రభుత్వం పోసిందా" అని కొందరు అడుగుతారు. అందుకే రెండు జాబితాలు రాస్తున్నాం.

అడిగేవి:

మన ఊళ్ల సబ్‌సెంటర్‌లో పని చేసే బీపీ మిషన్, దానికి బ్యాటరీ, సన్న చేతికి ఒకటి, లావు చేతికి ఒకటి సరిపోయే పట్టీలు. ముప్పై ఏళ్లు దాటిన అందరికీ బీపీ చూడాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది, కొత్తగా మేం అడగట్లేదు.

కొండ మీద ఊళ్లకు పది బిళ్లలు కాదు, బీపీ అదుపులో ఉన్నవాళ్లకు కనీసం రెండు నెలల బిళ్లలు ఒకేసారి. వర్షాకాలంలో గెడ్డ పొంగితే ఎవరొచ్చి ఇస్తారు?

హాస్టల్ మెనూలో వారానికి మూడు రోజులు చోడి, సామ, జొన్న ఏదో ఒకటి, మన రైతుల దగ్గరే కొనాలి. రోజూ కూరగాయ, చిక్కటి పప్పు. ఊరగాయ కూరకి బదులు కాకూడదు.

కువి, కోయ, గోండి, సవర, ఆదివాసీ ఒడియా మాట్లాడే అమ్మలకు వాళ్ల భాషలో చెప్పే మనిషి. ట్రాక్ ప్యాంటు బొమ్మ వద్దు.

చేసేవి:

ఏ హాస్టల్‌లో ఉన్నా మెస్ కమిటీలో కూర్చుని ఉప్పు డబ్బా బల్ల మీద నుంచి తీయిస్తాం. మొదటి వారం మనవాళ్లే మనల్ని తిడతారు. పడదాం.

ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఇంట్లో ముప్పై దాటిన ప్రతి ఒక్కరినీ సబ్‌సెంటర్‌కి తీసుకెళ్లి బీపీ చూపిస్తాం. చూసే ముందు అరగంట చుట్ట, టీ లేకుండా, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, రెండుసార్లు చూడమని అడుగుదాం. కొండెక్కొచ్చిన వెంటనే చూస్తే ఎక్కువ చూపిస్తుంది. 140/90 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మరో రోజు మళ్లీ చూపించి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం. 180/120 దాటితే ఇంకో రోజు దాకా ఆగొద్దు, అదే రోజు వెళ్లాలి.

బిళ్లలు ఎప్పుడు అయిపోతాయో మన ఫోన్లో పెట్టుకుందాం. రీల్స్‌కి పనికొచ్చే ఫోన్ దీనికీ పనికొస్తుంది. అయిపోవడానికి వారం ముందు ఆశ అక్కకి ఫోన్ చేద్దాం. ఆమెతో మర్యాదగా మాట్లాడదాం, ఆమె కూడా మనలాగే కొండెక్కి తిరిగే మనిషి, ఆమెకీ బీపీ ఉండొచ్చు.

ఆ అమ్మ ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంది. మాట చాలావరకు వచ్చింది. కుడి చెయ్యి మాత్రం ఇంకా పైకి లేవట్లేదు, ఎడమ చేత్తోనే అంబలి తాగుతోంది. మొన్న మేం వెళ్తే ఉప్పు ప్యాకెట్ చూపించింది. దాని మీద చిన్నమ్మాయి తేదీ రాసింది, ఇంట్లో ఆరుగురు. 31 రోజులు అయింది, ఇంకా ప్యాకెట్‌లో కొంచెం ఉంది. "సప్పగా ఉంటాది గానీ, తినేస్తన్నాం" అంది.

మీ ఇంట్లో ప్యాకెట్ ఎన్ని రోజులు వచ్చిందో, ఎంతమంది ఉన్నారో కింద కామెంట్‌లో రాయండి. మీ హాస్టల్లో వారానికి ఎన్ని రోజులు ఊరగాయ పెడుతున్నారో కూడా రాయండి. అవన్నీ కలిపి అధికారులకు ఇచ్చే వినతిపత్రం తయారుచేస్తాం. మాటకి బదులు లెక్క చూపిద్దాం.

జై ఆదివాసీ.